పక్కవాడికి లెక్క చెబితే మన లెక్క తప్పుతుందా?

కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం పూజ ముగించి, దేవాలయం వెలుపల అందరినీ పలకరిస్తూ నిలబడి ఉన్నాను. మా విచారణకు చెందిన ఒక తండ్రి జనం వెళ్లేదాకా ఆగి, దగ్గరకు వచ్చి, కొంచెం తడబడుతూ ఒక మాట అడిగారు. "ఫాదర్ గారూ, మీరు ఏమీ అనుకోవద్దు. మా అమ్మాయి సాయంత్రం మీ దగ్గరకు చదువుకోవడానికి వస్తోందా, చదువు చెప్పడానికి వస్తోందా?"

ఆయన మాటలో కోపం లేదు, బాధ ఉంది. ఆయన ఆటో నడుపుతారు. భార్య కుట్టుపని చేస్తుంది. తమకు దక్కని చదువు పిల్లకైనా దక్కాలని ఇద్దరి ఆశ. పిల్ల 5వ తరగతి, లెక్కల్లో క్లాసులో ముందుంటుంది. ఆ పిల్లను నేను రోజూ 3వ తరగతి బాబు ఒకడి పక్కన కూర్చోబెట్టి, వాడికి తీసివేతలు నేర్పమన్నాను. ఆ సమయంలో మా పిల్ల ఇంకో పది లెక్కలు చేసుకునేది కదా అన్నది ఆయన అడగదలచుకున్న అసలు ప్రశ్న.

విద్య పంచితే తరగదు, పెరుగుతుందని చెప్పి నవ్వుతూ పంపించాను. ఆయన మర్యాదకు తల ఊపారు గాని ఒప్పుకున్నట్లు కనిపించలేదు. రాత్రి గదిలో కూర్చున్నాక నాకే అనిపించింది: ఆయన ఒక ప్రశ్న అడిగారు, నేను ఒక సామెత చెప్పాను. సామెత జవాబు కాదు.

ఆ జవాబును ఈ వారం మీతో కలిసి వెదకాలని ఉంది. ఇది మా విచారణ ఒక్కదాని సంగతి కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్న ప్రతి తల్లీ "నీకు వచ్చు కదా, తమ్ముడికి కాస్త చెప్పు" అన్నప్పుడల్లా ఈ ప్రశ్న లోపల దాగి ఉంటుంది. తెలిసిన బిడ్డ సమయాన్ని తెలియని బిడ్డ కోసం ఖర్చు చేయడం న్యాయమేనా?

వరండాలో సాయంత్రం చదువు

మా విచారణ గృహం వరండాలో రోజూ సాయంత్రం గంటన్నర సేపు 30 మంది దాకా పిల్లలు కూర్చుంటారు. చెప్పేవాళ్లం ముగ్గురం. నేను, ఒక సిస్టరు గారు, డిగ్రీ చదివే ఒక అబ్బాయి. ఒకే తరగతి పిల్లల్లో ఒకరికి భాగాహారం వస్తుంది, మరొకరికి రెండంకెల కూడికే రాదు. ఇది మా వరండాకు మాత్రమే చెందిన విషయం కాదు. గ్రామీణ బాలల చదువుపై వెలువడే 'అసర్' నివేదిక 2024లో చెప్పిన ప్రకారం, మన దేశపు పల్లెల్లో 5వ తరగతి చదివే 10 మందిలో మామూలు భాగాహారం చేయగలిగినవారు సుమారు ముగ్గురే. మిగతా ఏడుగురూ బడి మానినవారు కాదు. బడిలో కూర్చునే ఉన్నారు. పాఠం వాళ్లను దాటి వెళ్లిపోయింది.

సాంఘిక శాస్త్రంలో ఒక పాఠం అర్థం కాకపోయినా తరువాతి పాఠం అర్థం కావచ్చు. లెక్కలు అలా కావు. అవి మెట్ల వంటివి. కూడిక రానివాడికి గుణకారం అందదు, గుణకారం రానివాడికి భాగాహారం అందదు. అందుకే లెక్కల్లో వెనుకబడిన బిడ్డ చాలా త్వరగా ఒక నిర్ణయానికి వస్తాడు: "నాకు లెక్కలు రావు." ఈ మాట వాడి నోట వచ్చిందంటే, సమస్య తెలివి నుండి మనసుకు దిగిందని అర్థం. ఇక వాడు ప్రయత్నించడు. ప్రయత్నించడు కాబట్టి రాదు. రాదు కాబట్టి ప్రయత్నించడు.

ముగ్గురు పెద్దవాళ్లం ఇంతమందికి చాలము. కాబట్టి వచ్చిన పిల్లలను రాని పిల్లలతో జత కట్టాం. నిజం చెప్పాలంటే, ఏ సిద్ధాంతమూ చదివి కాదు, గతిలేక మొదలుపెట్టాం.

ఇసుకలో దిద్దిన చదువు

ఆ తరువాత వెదికితే తెలిసింది, ఈ దారిలో మనకంటే ముందు చాలామంది నడిచారని. అందులో ఒక కథ మన పాత మద్రాసు రాష్ట్రానిదే.

1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశస్థుడు పర్యవేక్షకుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘానికి చెందిన బోధకుడు. ఒకనాడు ఆయన ఒక దేశీయ బడిలో పిల్లలు నేల మీద ఇసుక పరచుకొని, వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. మన తాతల నాటి వీధి బడి దృశ్యమే! తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పమంటే అక్కడి ఉపాధ్యాయులు అది అయ్యే పని కాదన్నారు. పెద్దవాళ్లు కాదన్న పనిని ఆయన జాన్ ఫ్రిస్కెన్ అనే 8 ఏళ్ల బాలుడికి అప్పగించాడు. వాడు ఒక సామాన్య సైనికుడి కొడుకు. ఆ పిల్లవాడు తనకంటే చిన్నవాళ్లకు చక్కగా నేర్పాడు. బెల్ తిరిగి వెళ్లి 1797లో ఈ ప్రయోగాన్ని గురించి పుస్తకం అచ్చు వేయించాడు. అది 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఇంగ్లండు అంతటా పాకింది.

మరో సాక్ష్యం 1823 నాటిది. గవర్నరు థామస్ మన్రో అడిగిన మీదట జిల్లాల కలెక్టర్లు తమ తమ జిల్లాల బడుల వివరాలు పంపారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్, తెలుగు భాషకు వ్యాకరణం వ్రాసిన ఆయనే. తన జిల్లాలో 533 బడులున్నాయనీ, వాటిలో 226 తెలుగు బడులనీ లెక్క చెప్పాడు. ఆ బడుల్లో ఆయనకు లోపాలూ కనిపించాయి. అర్థం తెలియకుండా వల్లె వేయడం ఎక్కువన్నాడు. కానీ ఒక విషయాన్ని మనసారా మెచ్చుకున్నాడు. ముందున్న పిల్లలు వెనుకనున్న పిల్లలకు చెప్పడం, అలా చెప్పడంలో తమకు వచ్చినదాన్ని తామే గట్టిపరచుకోవడం!

ఆ చివరి మాట దగ్గర ఆగండి. చెప్పేవాడికీ లాభం ఉన్నదని 200 ఏళ్ల క్రితమే ఒక కలెక్టరు గమనించాడు. మరి నేను ఆ తండ్రికి చెప్పలేకపోయింది ఇదే. ఆ లాభం ఏమిటి? అది ఎలా కలుగుతుంది?

అప్పు ఎప్పుడు తీర్చాలి?

ఒక సాయంత్రం జరిగింది చెబుతాను. ఆ 5వ తరగతి పాప బాబుకు 52లో నుండి 27 తీసివేయమని ఇచ్చింది. వాడు 35 అని వేశాడు. చాలామంది పిల్లలు ఇదే తప్పు చేస్తారు. 2లో నుండి 7 పోదు కాబట్టి తిరగేసి 7లో నుండి 2 తీసేస్తారు. పాప తనకు బడిలో చెప్పినట్లే చెప్పింది. "అలా కాదురా, 2 చిన్నది కదా. పక్కనున్న 5 దగ్గర ఒకటి అప్పు తెచ్చుకోవాలి."

వాడు కాసేపు ఆలోచించి అడిగాడు: "అప్పు ఎప్పుడు తీర్చాలి అక్కా?"

పాప నోట మాట రాలేదు. వాడి ఇంట్లో అప్పు అంటే తీర్చవలసిందే, వారం వారం మనిషి వచ్చి తలుపు కొట్టేదే. వాడి ప్రశ్న న్యాయమైనది. పాప రెండేళ్లుగా అప్పు తెస్తూనే ఉంది, ఏనాడూ తీర్చలేదు, ఎందుకు తీర్చనక్కరలేదో ఏనాడూ ఆలోచించలేదు. నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. నేను చెప్పలేదు. చీపురుపుల్లలు, రబ్బరు బ్యాండ్లు ఇచ్చి పంపాను. పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు. ఇద్దరూ నేల మీద కూర్చుని చాలాసేపు తంటాలు పడ్డారు. చివరికి పాపే ఒక కట్ట విప్పింది. నాలుగు కట్టలు, 12 విడి పుల్లలు. 12లో 7 పోతే 5, నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. 25 వచ్చింది.

"ఇది అప్పు కాదురా!" అని కేక వేసింది పాప. "మన కట్టనే మనం విప్పుకున్నాం!"

చూడండి, ఆ పాపకు తీసివేతలో అంతకుముందూ నూటికి నూరు మార్కులే. కానీ తీసివేత అంటే ఏమిటో ఆ సాయంత్రమే తెలిసింది. అడిగినవాడు తెలియనివాడు కాబట్టి తెలిసింది. తెలిసినవాళ్లు ఇలాంటి ప్రశ్న అడగరు. ఇంట్లో ఒంటరిగా ఇంకో పది తీసివేతలు చేసి ఉంటే పదింటిలోనూ అప్పు తెచ్చుకునేది, పదీ ఒప్పే అయ్యేవి, అర్థం మాత్రం అక్కడే ఉండేది.

ఇది ఒక్క పాప అనుభవం అనుకోవద్దు. అమెరికాలో పీటర్ కోహెన్, కూలిక్ దంపతులు 1982లో ఇలాంటి పాఠశాల ప్రయోగాలు 65 తీసుకొని, వాటి ఫలితాలను కలిపి పరిశీలించారు. నేర్చుకున్న పిల్లలతో పాటు నేర్పిన పిల్లలూ ఆ విషయంలో మెరుగుపడ్డారనీ, ఆ విషయం పట్ల ఇద్దరికీ ఇష్టం పెరిగిందనీ తేల్చారు. ఆ మేలు చదవడంలో కంటే లెక్కల్లో ఎక్కువగా కనిపించింది.

తండ్రి భయంలో ఉన్న సత్యం

ఇంతటితో ఆ తండ్రిది తప్పు అని తేల్చేస్తే సులభమే. కానీ న్యాయం కాదు. సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు జర్మను తత్వవేత్త కాంట్‌ను బోధించారు. మనిషిని ఎన్నడూ కేవలం ఒక సాధనంగా వాడుకోరాదు అన్నది ఆయన బోధలో ముఖ్యమైన అంశం. ఆ తండ్రి కాంట్‌ను చదవలేదు గాని, అడిగింది అదే. "మా పిల్లను మీరు మీ పనికి వాడుకుంటున్నారా?"

ఇంగ్లండులో సరిగ్గా ఆ తప్పే జరిగింది. జోసెఫ్ లాంకాస్టర్ అనే మరొకాయన 1798లో లండనులో బడి తెరిచి, ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున నడిపాడు. వందలాది పిల్లలకు ఒక్క మాస్టారు. మిగతా పని అంతా పెద్ద పిల్లలదే. పద్ధతి ఎందుకు వ్యాపించింది? ముఖ్యంగా చౌక కాబట్టి! ఉపాధ్యాయుల జీతాలు మిగిలాయి. పిల్లలు పక్కపిల్లలకు తోడుగా కాక, మాస్టారుకు బదులుగా నిలబడ్డారు. తామే సగం నేర్చుకున్నవాళ్లు ఆ సగాన్నే వరుసగా అప్పజెప్పించుకున్నారు. అర్థం పోయింది, వరుస మిగిలింది. చివరకు 1846లో అక్కడి ప్రభుత్వం 13 ఏళ్లు నిండిన వారిని ఎంచుకొని, భత్యం ఇచ్చి, ఐదేళ్లు శిక్షణ ఇచ్చే మరో పద్ధతి పెట్టింది.

కాబట్టి ఆ తండ్రి భయానికి ఆధారం ఉంది. నేను నా చేతకానితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఆయన బిడ్డ సాయంత్రమంతా తీసుకుంటే, అది దోపిడీయే. ఆ బిడ్డకూ కొత్త పాఠం అందాలి. ఆ బిడ్డకూ ఎవరో ఒకరు చెప్పాలి. తోటి పిల్లలు చెప్పే చదువు గురువు చెప్పే చదువుకు తోడు కావాలి గాని దాని స్థానంలోకి రాకూడదు. గంటన్నరలో అరగంట, అంతకు మించి కాదు అన్న హద్దు ఆ తరువాతే మా వరండాలో పెట్టాం.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదట్లో పిల్లలు ఉత్సాహంగా చెప్పాలని నేను ఒక పద్ధతి పెట్టాను. ఎవరి శిష్యుడు ఎక్కువ లెక్కలు ఒప్పుగా చేస్తే ఆ గురువుకు చాక్లెట్టు. వారం చివర ఎక్కువ మార్కులు వచ్చిన జతలోని గురువుకు పెన్సిల్ పెట్టె. మొదటి వారం వరండా కళకళలాడింది. రెండో వారం నోట్సుల నిండా ఒప్పులే. నేను మురిసిపోయాను. మూడో వారం ఒక నోట్సు తీసి చూస్తే, అందులో చేతివ్రాత చిన్నవాడిది కాదు, పెద్దవాడిది! గురువులే లెక్కలు చేసి పెడుతున్నారు. చాక్లెట్టు ఇచ్చేది ఒప్పు లెక్కకు కదా. నేర్పినందుకు కాదు కదా. పిల్లలు మోసగాళ్లు కారు. నేను అడిగిందే ఇచ్చారు.

దానికంటే బాధ కలిగించింది మరొకటి. మందంగా నేర్చుకునే పిల్లలను ఎవరూ తమ జతలో కోరుకోలేదు. "వీడు నాకొద్దు ఫాదర్, వీడి వల్ల నాకు రాదు" అని ఒక పిల్లవాడు అందరి ముందూ అన్నాడు. ఆ 'వీడు' తల దించుకున్నాడు. అన్నవాడికి ఆ మాట నేర్పింది నేనే.

లాంకాస్టర్ బడిలోనూ బహుమతి చీటీలు, బిరుదు బిళ్లలు ఉండేవి. వెనుకబడినవాళ్లకు, అల్లరివాళ్లకు మెడలో కట్టె వేలాడదీయడం, బుట్టలో పెట్టి పైకప్పుకు కట్టడం వంటి అవమానాలూ ఉండేవి. నేను బుట్ట కట్టలేదు. కానీ బహుమతి పొందేవాడొకడుంటే, పొందనివాడొకడు తప్పక ఉంటాడు. వాడు ఎక్కడ కూర్చుంటాడో నేను చూసుకోలేదు.

అమెరికాలో మార్క్ లెప్పర్, ఆయన సహచరులు 1973లో ప్రకటించిన ఒక ప్రయోగం ఉంది. రంగు పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమైన నర్సరీ పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు. కొన్ని రోజుల తరువాత చూస్తే, ఆ పిల్లలకే బొమ్మల మీద ఇష్టం తగ్గింది. ఆట కూలిపని అయిపోయింది మరి! కూలి లేనప్పుడు పని ఎందుకు?

అలాగని బహుమతి పాపం అనను. 1990లలో జాన్ ఫాంటుజో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 4, 5 తరగతుల పిల్లలతో లెక్కల్లో ఇలాంటి జతలు కట్టి చూశాడు. అక్కడ బహుమతి కూడా మేలే చేసింది. కానీ దాన్ని పిల్లలే ఎంచుకున్నారు. ఎన్ని లెక్కలు చేయాలో లక్ష్యం వాళ్లే పెట్టుకున్నారు. గెలిస్తే ఇద్దరూ గెలిచారు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ జతల్లో ఇద్దరూ వంతులవారీగా గురువులయ్యారు.

ఆ 'వంతు' అన్న మాట దగ్గరే నా కళ్లు తెరుచుకున్నాయి.

ఎప్పుడూ పుచ్చుకునేవాడు

"వీడు నాకొద్దు" అనిపించుకున్న బాబు మరుసటి రోజు నుండి రాలేదు. ఆదివారం పూజకూ రాలేదు. వాడే ఆ "అప్పు ఎప్పుడు తీర్చాలి" అన్న బాబు. పాప నుండి తీసి, వాడిని మరో జతలో వేసింది నేనే. రెండు వారాలు చూసి, ఒక శనివారం వాడి కోసం సంతకు వెళ్లాను. వాళ్లమ్మ కూరగాయలు అమ్ముతుంది. వాడు తక్కెడ పక్కన కూర్చున్నాడు.

ఒకావిడ ముప్పావు కిలో టమాటాలు అడిగింది. కిలో 24 రూపాయలు. వాడు అరకిలో 12, పావు 6 అని లోలోపల అనుకుని, "18 అమ్మా" అన్నాడు. ఆవిడ 50 నోటు ఇచ్చింది. రెండు రూపాయల బిళ్ల చేతిలో పెట్టి "20", పది నోట్లు మూడు పెట్టి "50" అన్నాడు. నేను చూస్తూ నిలబడిపోయాను. ఈ బిడ్డకేనా తీసివేత రాదని నేను చెప్పింది?

బ్రెజిలు దేశంలోని రెసిఫే నగరంలో తెరెజిన్యా నూనెస్, ఆమె సహచరులు 1985లో ఇదే సంగతి ప్రకటించారు. వీధుల్లో సరుకులమ్మే పిల్లలు బేరం దగ్గర 100కు 98 లెక్కలు ఒప్పుగా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 మాత్రమే ఒప్పు. 2025లో మన కలకత్తా, ఢిల్లీ బజారుల్లో పనిచేసే పిల్లలను గురించి నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో, వారి సహచరులు 'నేచర్' పత్రికలో వ్రాసిన పరిశోధన దానికి మరో వైపు కూడా చూపించింది. బజారు పిల్లలు బడి లెక్కలు చేయలేకపోయారు. బడి పిల్లలేమో బజారు లెక్కల్లో వెనుకబడ్డారు. అంటే ఒకరికి ఉన్నది మరొకరికి లేదు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి అవసరం ఉంది. జతలు కట్టేటప్పుడు ఎవరు గురువో నేనే నిర్ణయించేసి, సగమే చూశాను.

వాడిని మళ్లీ రమ్మన్నాను. "నాకు రాదు ఫాదర్" అన్నాడు. "నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి రా" అన్నాను. సోమవారం వచ్చాడు. ఆ పాప పక్కనే కూర్చుని 52లో 27 తన పద్ధతిలో చేసి చూపించాడు. "27కు 3 ఇస్తే 30. 20 ఇస్తే 50. 2 ఇస్తే 52. ఎంత ఇచ్చాం అక్కా? 25." పాప పలక తీసుకొని మూడుసార్లు చేసి చూసుకుంది. ఆ రోజు వాడు కూర్చున్న తీరు వేరు. అంతవరకు గోడకు ఆనుకునేవాడు, ఆ రోజు ముందుకు వంగి కూర్చున్నాడు.

ప్రియ పాఠకులారా, నేర్చుకోవాలన్న కోరిక ఎక్కడ పుడుతుంది? చాక్లెట్టులో కాదు. భయంలో అంతకంటే కాదు. 'నా దగ్గర ఉన్నది మరొకరికి పనికొస్తుంది' అన్న నమ్మకంలో ఎక్కువగా పుడుతుందని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. ఎప్పుడూ ఇచ్చే బిడ్డకు గర్వం వచ్చే ప్రమాదం ఉంది. ఎప్పుడూ పుచ్చుకునే బిడ్డకు వచ్చే ప్రమాదం అంతకంటే పెద్దది. వాడు తన్ను తాను ఖాళీ చేతులవాడిగా ఎంచుకుంటాడు. కాంట్ చెప్పింది ఇక్కడ మరో వైపు కూడా వర్తిస్తుంది. తెలివైన బిడ్డ మరింత రాటుదేలడానికి, మంచిపిల్ల అనిపించుకోవడానికి మందంగా నేర్చుకునే బిడ్డ పలకబలపం కాదు. వాడూ మనిషే.

మూగ ఎద్దుకు పాఠం చెప్పిన మిత్రుడు

మన పునీత తోమాస్ అక్వీనాస్ విద్యార్థిగా కొలోనులో పునీత ఆల్బర్టు దగ్గర చదివేటప్పుడు పెద్దగా మాట్లాడేవాడు కాడు. తోటి విద్యార్థులు 'మూగ ఎద్దు' అని పేరు పెట్టారు. ఆయన పాత జీవిత చరిత్ర చెప్పే ప్రకారం, ఒక సహపాఠి జాలిపడి, రోజూ పాఠం విడమరచి చెబుతానని ముందుకొచ్చాడు. తోమాసు ఎంతో వినయంతో సరేనన్నాడు. ఒకరోజు ఆ మిత్రుడే ఒక క్లిష్టమైన చోట చిక్కుకుపోయాడు. అప్పుడు తోమాసు మెల్లగా, ఉపాధ్యాయుడు చెప్పినదానికంటే స్పష్టంగా దాన్ని వివరించాడట. ఇక నుండి నువ్వే నాకు చెప్పాలని ఆ మిత్రుడు వేడుకున్నాడట. ఆ మిత్రుని పేరు మనకు మిగలలేదు గాని, నాకు ఆయనంటే గౌరవం. చెప్పడానికి ముందుకు రావడం ఒక మంచితనం. తాను చెబుతున్నవాడి దగ్గరే నేర్చుకోవడానికి ఒప్పుకోవడం అంతకంటే పెద్ద మంచితనం.

అదే తోమాసు తరువాత గురువు అనేవాడు ఏం చేస్తాడన్న ప్రశ్న వేసుకొని, వైద్యుడితో పోల్చి చెప్పాడు. రోగిని బాగుచేసేది రోగిలోని ప్రకృతి. వైద్యుడు దానికి సాయం చేస్తాడు. అలాగే తెలుసుకునేది విద్యార్థిలోని బుద్ధే. గురువు తోడ్పడతాడు, అంతే. ఇంత పెద్ద తత్వాన్ని మా వరండాలో మేము ఒక చిన్న నియమంగా మార్చుకున్నాం. చెప్పేవాళ్లు ఎవరైనా సరే, పెన్సిల్ మాత్రం నేర్చుకునేవాడి చేతిలోనే ఉండాలి. ఈ ఒక్క నియమంతో నా చాక్లెట్ల కాలం నాటి మోసం మాయమైంది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఇంట్లో పెద్ద బిడ్డ చిన్న బిడ్డకు లెక్క చెబుతుంటే పావుగంట, అరగంట చాలు. దాన్ని ట్యూషను ఫీజు మిగుల్చుకునే ఉపాయంగా చేయకండి. "అక్కను చూసి నేర్చుకో" అన్న పోలిక వద్దు. ఆ పోలిక చిన్నవాడికి లెక్కల మీదా, అక్క మీదా కూడా అసహ్యం పుట్టిస్తుంది. చిన్నవాడు అడిగిన పిచ్చి ప్రశ్నకు నవ్వకండి. అది 'అప్పు ఎప్పుడు తీర్చాలి' వంటి ప్రశ్న కావచ్చు. చిన్నవాడికి వచ్చినది ఏదో వెదికి పట్టుకొని, వాడి చేత పెద్దవాళ్లకు ఒక్కసారైనా చెప్పించండి. బడి నుండి వచ్చిన బిడ్డను "ఎన్ని మార్కులు?" అని అడిగే అలవాటు మనకుంది. దానితో పాటు "ఈ రోజు ఎవరికి ఏం చెప్పావు? ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నావు?" అని కూడా అడగండి.

ఆ తండ్రి దగ్గరకు ఈసారి నేనే వెళ్లాను. ఇదంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన చాలాసేపు విని, "అరగంటే అన్నారు కదా ఫాదర్ గారూ, ఆ మాట తప్పవద్దు" అన్నారు. తప్పనని మాట ఇచ్చాను. ఇప్పటికీ వారానికోసారి పిల్ల నోట్సు తెరిచి, కొత్త లెక్కలు ఎన్ని చేసిందో చూసుకుంటారు. చూసుకోవాలి కూడా.

మొన్న మాత్రం వచ్చి ఒక సంగతి చెప్పారు. వాళ్లమ్మాయి ఆటోలో పక్కన కూర్చుని, ప్రయాణికుడికి చిల్లర ఇచ్చేటప్పుడు 'ఇచ్చుకుంటూ పోయే' లెక్క ఆయనకు చూపించిందట. "నేను ఇన్నేళ్లుగా చేసేది అదే ఫాదర్ గారూ," అని నవ్వారు. "అదీ లెక్కేనని మా అమ్మాయి చెబితేనే తెలిసింది."